ఎండ పూట పొలం గట్టున పెయింటింగ్ వేయడం ఎలా

ఫొటో ముందు పెట్టుకుని ఇంట్లో పొలం బొమ్మ వేసినన్నాళ్లూ సూర్యుడు మన మాట వింటాడు. గట్టు మీదికెళ్లి ఈజిల్ (బొమ్మ వేసే పలకను ఆనించే స్టాండు) నిలబెట్టామా, ఇక వినడు. ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున నడిచిపోతూనే ఉంటాడు. తన బింబం వెడల్పంత జరగడానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు. మీరు ట్యూబుల మూతలు తీసి, ఎక్కడ మొదలుపెట్టాలా అని తల గోక్కునేలోపు చెట్టు నీడ ఇందాకటి రాయిని దాటేసి ఉంటుంది.

నన్నడిగితే ఎండలో వేసే బొమ్మకు అసలు వస్తువు ఆ వేళకు ఆ చోట పడిన నీడ. చెట్టు, బాట, గడ్డివామి అన్నీ దాని తర్వాతే. ఆ నీడను మొదటి పావుగంటలో పలక మీద కట్టేయగలిగితే మిగతా పని నెమ్మదిగా చేసుకోవచ్చు. కట్టేయలేకపోతే రంగులు ఎంత బాగా కలిపినా బొమ్మలో ఎండ కాయదు. కింద చెప్పేవన్నీ, మీరు తొడుక్కునే చొక్కాతో సహా, ఆ నీడ కోసం చేసుకునే ఏర్పాట్లే. నేను వేసేది ఆయిల్ రంగులతో. వాటర్‌కలర్, అక్రిలిక్ వాళ్లకు పద్ధతి మారే చోట ఆ మాట అక్కడే చెబుతాను.

ముందు సంచి సర్దుకోండి

1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు రంగు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయంతో చేసిన చిన్న తిత్తిలో కట్టి, సూదితో పొడిచి పిండుకునేవాళ్లు. ఒకసారి పొడిస్తే మళ్లీ సరిగ్గా మూసుకోదు, దారిలో పగిలినా పగులుతుంది. అలాంటిది ఇవాళ మనకు ముప్పై ట్యూబులు మోసుకెళ్లే సౌకర్యం ఉంది. అదే మన కొంప ముంచుతోంది కూడా. ఏడు చాలు: టైటానియం వైట్ (ఇదొక్కటి పెద్ద ట్యూబు), క్యాడ్మియం ఎల్లో లైట్, ఎల్లో ఆకర్, క్యాడ్మియం రెడ్ లైట్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. ఆకుపచ్చ ట్యూబు ఇంట్లోనే ఉండనివ్వండి, ఎందుకో తర్వాత చెబుతాను. నలుపు కూడా అక్కర్లేదు. అల్ట్రామరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపును తలదన్నే ముదురు వస్తుంది.

బ్రష్‌లు నాలుగు: చదునైన ఫ్లాట్‌లు రెండు సైజుల్లో, కొస గుండ్రంగా ఉండే చదును బ్రష్ ఫిల్బర్ట్ ఒకటి, ఒక సన్న రౌండ్. ఒక పాలెట్ నైఫ్. పాత బట్టపీలికలు మీరు అనుకున్నదానికి రెట్టింపు. ఆయిల్ రంగును పల్చన చేసే థిన్నర్‌కు మూత బిగుసుకునే డబ్బా. ఈజిల్ తేలికైనదైతే మూడు కాళ్ల మధ్య సంచి వేలాడదీయండి, గాలికి పడదు. ఆ పని చేయకపోతే ఏదో ఒక రోజు తడి బొమ్మ బోర్లా పడుతుంది. అది ఎప్పుడూ రంగు ఉన్న వైపే పడుతుంది, ఎందుకో తెలీదు.

పలక 6×8 అంగుళాలు, మహా అయితే 8×10. పెద్ద కాన్వాస్ మీద నీడను పావుగంటలో నింపడం అనుభవజ్ఞులకే కష్టం. ముందు రోజే ఆ పలక మీద బాగా పల్చన చేసిన బర్న్ట్ సియెన్నా గానీ, లేత బూడిద రంగు గానీ పూసి ఆరబెట్టండి. తెల్ల పలక బయటి వెలుతురులో కళ్లలో పొడుస్తుంది. దాని పక్కన ప్రతి రంగూ అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది. అలా మధ్యస్థపు రంగు పూసిన పలక మీదైతే వెలుగేదో నీడేదో మొదటి గీత నుంచే తెలుస్తుంది.

వాటర్‌కలర్ వేసేవాళ్లు 300 జీఎస్‌ఎం మందపు కాగితం, నీళ్లు చల్లే చిన్న స్ప్రే సీసా మరిచిపోవద్దు. ఎండలో వాష్ (నీళ్లతో పల్చన చేసి పరిచిన రంగు) చూస్తుండగానే ఆరిపోతుంది. అక్రిలిక్ వాళ్ల బాధ ఇంకా ఎక్కువ. పాలెట్ (రంగులు కలుపుకునే పళ్లెం) మీది రంగే పొక్కు కట్టేస్తుంది. తడి గుడ్డ పరిచి, దాని మీద బేకింగ్‌కు వాడే బటర్ పేపర్ వేసి, రంగులు ఆ కాగితం మీద పెట్టుకుంటే గంటల కొద్దీ మెత్తగా ఉంటాయి.

ఇప్పుడు చొక్కా సంగతి. మొదట్లో ఒకసారి మంచి ఎర్ర చొక్కా వేసుకుని వెళ్లాను. పొద్దుటి నుంచి ఆకాశం ఎంత నీలం కలిపినా పలక మీద ఊదా ఛాయ తగులుతోంది. నీలం పెంచాను, ఇంకా పెంచాను. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం ఇంకు సీసా ఒలికినట్టుంది. అక్కడ పలక మీద కనబడిన ఎరుపు నా పొట్ట మీద నుంచి వెళ్లిందే. ఎండ చొక్కాను కొట్టి, చొక్కా పలకను కొట్టింది. అప్పటి నుంచి వెలిసిన బూడిద రంగు చొక్కానే నా యూనిఫాం. గొడుగు వాడితే అది కూడా తెలుపో, నలుపో, బూడిదో అయి ఉండాలి. రంగుల గొడుగు కింద రంగులు కలపడం అంటే పచ్చ కళ్లజోడు పెట్టుకుని బట్టలు కొనడమే.

కళ్లజోడు మాట వచ్చింది కాబట్టి, చలువ కళ్లద్దాలు నడిచేటప్పుడు పెట్టుకోండి, వేసేటప్పుడు తీసేయండి. అవి రంగుల్నీ వెలుగునీడల తేడానీ రెంటినీ మార్చేస్తాయి. బదులుగా వెడల్పు అంచున్న టోపీ పెట్టుకోండి. అంచు లోపలి వైపు ముదురు రంగుంటే మరీ మంచిది. ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోవాలి. రంగుల ధ్యాసలో దాహం తెలీదు, కాబట్టి నీళ్ల సీసా కళ్లెదురుగా పెట్టుకోండి. థిన్నర్ డబ్బా పక్కన మాత్రం పెట్టకండి!

ఎప్పుడు మొదలుపెట్టాలో మీ నీడే చెబుతుంది

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలు చెట్ల కిందే ముడుచుకుని కూర్చుంటాయి. ఎక్కడ చూసినా ఒకే తెలుపు. తెల్లవారగానే, లేదా పొద్దు వాలే ముందు నీడలు అద్భుతంగా సాగుతాయి గానీ మరీ వేగంగా మారిపోతాయి. ఈ రెండింటి మధ్యా ఒక మంచి వేళ ఉంది.

సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే మీ నీడ సరిగ్గా మీ అంత ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర దాదాపు ఒకటిముప్పావు రెట్లు. 15 డిగ్రీలకు వచ్చేసరికి మూడున్నర రెట్లు దాటిపోతుంది. కొలవడానికి సూర్యుడి వైపు చూడక్కర్లేదు. చదునైన నేల మీద నిలబడి మీ నీడ తల ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని, అడుగు వెనకాల అడుగు ఆనించి నడవండి. మనిషి ఎత్తు తన పాదంతో సుమారు ఆరున్నర పాదాలు. కాబట్టి ఏడు నుంచి పదకొండు పాదాల నీడ ఉన్న సమయం పనికి అనువైనది. ఉదయమైతే నీడ పదకొండు పాదాలున్నప్పుడు మొదలుపెట్టండి, అది తగ్గుతూ వస్తుంది. సాయంత్రమైతే ఏడు పాదాలున్నప్పుడు మొదలుపెట్టండి.

కూర్చునే చోటు

అందమైన చోటు వెతకబోకండి. ముందు మీకు, పలకకు, పాలెట్‌కు నీడ దొరికే చోటు వెతకండి. మూడూ ఒకే వెలుతురులో ఉండాలి.

ఇది నేను చేతులు కాలాక నేర్చుకున్న విషయం. పలకను ఎండలో పెట్టి వేస్తే ప్రతి రంగూ మెరిసిపోతుంది. మీ కన్ను దాన్ని తగ్గించాలని చూస్తుంది. తెలీకుండానే ముదురు ముదురుగా కలుపుతారు. అక్కడ చూస్తే మండుటెండ, ఇంటి గోడకు తగిలిస్తే సంధ్యవేళ. చిక్కటి నీడలో కూర్చుంటే దీనికి తిరగబడ్డ తప్పు జరుగుతుంది. అన్నీ తెల్లబారిపోతాయి. పలకకు ఎండ తగలకుండా, ఆకాశం వెలుతురు మాత్రం ధారాళంగా పడేలా చూసుకోండి. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండపొడ పడే చోటు మాత్రం అన్నిటికన్నా చెడ్డది. పలక మీద వెలుగు మచ్చలు గంతులేస్తుంటే మీరు వేసిన వెలుగేదో, పడిన వెలుగేదో తెలిసి చావదు.

ఇక సూర్యుడు ఎటు ఉండాలి? వీపు వెనక ఉంటే ఎదురుగా ఉన్నదంతా చదునుగా, నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుని కనిపిస్తుంది. పైగా పలక మీద ఎండ పడుతుంది. ఎదురుగా ఉంటే దృశ్యం బ్రహ్మాండం, కళ్లకు మాత్రం శిక్ష. మొదటిసారి కుడి పక్కో ఎడమ పక్కో ఉండేలా నిలబడండి. ప్రతి వస్తువుకూ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ, నేల మీద పరుచుకున్న నీడ ఇంకొకటి, మూడూ స్పష్టంగా దొరుకుతాయి.

మీరు నిలబడ్డ నీడ కూడా జరుగుతుందని మరవకండి. ఒక పుల్ల గుచ్చి దాని నీడ కొస దగ్గర గులకరాయి పెట్టి, పది నిమిషాల తర్వాత చూడండి. కొస ఎటు జరిగిందో రెండు గంటల పాటు అటే పోతుంది. ఈజిల్ ఆ ప్రకారం వేసుకోండి. చీమల పుట్ట ఉందేమో చూసుకోవడం, చేను ఎవరిదో వాళ్లనడిగి నిలబడటం, బండ్లు పశువులు నడిచే దారికి అడ్డం లేకపోవడం, ఇవి మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

అగ్గిపెట్టెంత స్కెచ్

అట్టముక్కలో మీ పలక ఆకారానికి సరిపోయే చిన్న కిటికీ కత్తిరించి తెచ్చుకోండి. 6×8 పలకకు మూడు సెంటీమీటర్లకు నాలుగు. దాన్ని కంటికి కాస్త దూరంగా పట్టుకుని దృశ్యం మీద తిప్పండి. ఎక్కడైనా ఆపి కళ్లు సగం మూసి చూడండి. వివరాలన్నీ కరిగిపోయి ముదురు ముద్దలు, లేత ముద్దలు మిగులుతాయి. ఆ ముద్దల అమరిక బాగుంటే అదే మీ బొమ్మ. ముక్కలు ముక్కలుగా, చుక్కలు చుక్కలుగా ఉంటే ఎంత అందమైన చోటైనా వదిలేయండి. ఒంటి చెట్టు, దాని నీడ అడ్డంగా పడిన మట్టిబాట, వెనక ఎండలో పొలం. మొదటి బొమ్మకు ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఇప్పుడు అగ్గిపెట్టె సైజులో పెన్సిల్ స్కెచ్. తెలుపు, మధ్యస్థం, ముదురు, ఈ మూడే టోన్లు. ఐదు నిమిషాలు. పక్కన టైము రాసి, సూర్యుడు ఏ వైపు ఉన్నాడో బాణం గుర్తు వేయండి. ఇదేమీ కొత్త అలవాటు కాదు. ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 22ల్లో లండన్ దగ్గరి హ్యాంప్‌స్టెడ్‌లో మేఘాల స్టడీలు వేసినప్పుడు వాటిలో చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసి పెట్టుకున్నాడు. గంట తర్వాత దృశ్యం పూర్తిగా మారిపోయాక మీకు సాక్ష్యం చెప్పేది ఈ అగ్గిపెట్టె స్కెచ్ ఒక్కటే.

ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, కాదనను. కానీ రంగుల కోసం దాన్ని చూడొద్దు. ఫోన్ నీడల్ని నల్లగానో, ఆకాశాన్ని తెల్లగానో చేసేస్తుంది. మీ కంటికి అవి రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి, అది ఫోన్‌కు లేని అదృష్టం.

నీడను కట్టేసే పావుగంట

అల్ట్రామరీన్, బర్న్ట్ సియెన్నా కలిపి థిన్నర్‌తో పల్చన చేయండి. ఆ రంగుతో నాలుగు గీతల్లో దృశ్యం పెట్టేసి, వెంటనే నీడల అంచులు గీయండి. చెట్టు గీసి తర్వాత దాని నీడ గీయడం చాలామంది చేసే పని. అలా కాకుండా చెట్టు నీడ వైపునూ, కాండం మీద నీడనూ, నేల మీద పడ్డ నీడనూ కలిపి ఒకే ఆకారంగా చూడండి. అవన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. ఆ ఆకారం మొత్తాన్ని పల్చటి ముదురుతో ఒక్కసారే నింపేయండి. ఆకులొద్దు, గడ్డిపోచలొద్దు.

టైము చూసుకోండి. పదిహేను నిమిషాలు. ఇక్కడి నుంచి నీడ అంచుల్ని కదపడం నిషిద్ధం. బయట నీడ ఎంత ముద్దొచ్చే ఆకారంలోకి మారినా సరే. ఈ నియమం తప్పినప్పుడు వచ్చే బొమ్మలు చూడగానే తెలిసిపోతాయి. చెట్టు నీడ తొమ్మిదింటిది, గడ్డివామి నీడ పదకొండింటిది. ఒకే పొలానికి ఇద్దరు సూర్యులు. ఎండ అసలు లేనట్టే ఉంటుంది.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మొనే కూడా ఈ గొడవే పడ్డాడు. 1890, 91ల్లో గడ్డివాముల మీద పాతిక దాకా కాన్వాసులు వేశాడు. వెలుతురు మారగానే ఉన్నదాన్ని దిద్దకుండా పక్కన పెట్టి, ఆ వెలుతురుకు సరిపోయే ఇంకో కాన్వాస్ తీసుకునేవాడు. మీకు కూడా కొత్త నీడ అంత నచ్చితే సంచిలోంచి రెండో పలక తీయండి.

వాటర్‌కలర్‌లో లేత నుంచి ముదురుకు వెళ్లాలి కాబట్టి నీడ అంచుల్ని పెన్సిల్‌తో కట్టేయండి. లేత వాష్ ఆరాక, మిగతా వివరాల కన్నా ముందే, నీడ మొత్తాన్ని ఒకే తడి వాష్‌తో వేసేయండి. మధ్యలో ఆగితే ఎండకు అంచు కట్టి అక్కడ గీత పడిపోతుంది.

రంగులు: నాలుగు మెట్లు

మామూలు ఎండ రోజున వెలుతురంతా పైనుంచి వస్తుంది. కాబట్టి ఆకాశం అన్నిటికన్నా లేత. ఆకాశానికి ముఖం పెట్టి పడుకున్న చదును నేల రెండో మెట్టు. వాలుగా ఉన్న గుట్టలు మూడోది. నిలువుగా నిలబడ్డ చెట్లు అన్నిటికన్నా ముదురు. ముందు ఈ నాలుగింటికీ నాలుగు రంగులు పాలెట్ మీద కలిపి, పక్కపక్కన పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. మెట్లు తెలియకపోతే పలక మీద కూడా తెలియవు. మినహాయింపులు లేకపోలేదు. ఎండ తగిలిన తెల్ల గోడ ఆకాశాన్ని మించి మెరుస్తుంది. అలాంటి గోడ ఒక్కటుంటే బొమ్మకు అదే దీపం.

ఇప్పుడు బాట మీది నీడ దగ్గరికి వెళ్లి వంగి చూడండి, ఇది చూసి తీరాలి. కాండం మొదట్లో నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. చెట్టు తల నీడ పడిన దూరం కొసన అంచు పొగలా కరిగిపోతుంది. కారణం సూర్యుడు చుక్క కాకపోవడమే. ఆయన బింబానికి అర డిగ్రీ వెడల్పుంది. నీడ వేసే ఆకుకూ నీడ పడే నేలకూ మధ్య దూరం 10 మీటర్లుంటే అంచు దాదాపు 9 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. ఆ నీడ మధ్యలో పడే ఎండపొడ మచ్చలు కూడా చూడండి. ఆకుల సందులు ఎన్ని వంకరలు పోయినా నేల మీద మచ్చలు గుండ్రంగానో, కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటాయి. ప్రతి చిన్న సందూ సూర్యుడి బింబాన్నే నేల మీదికి దించుతోంది. అందుకే ఆ మచ్చల్ని చుక్కలుగా, త్రికోణాలుగా చల్లితే అబద్ధంలా కనిపిస్తాయి. వెడల్పు ఫ్లాట్ బ్రష్‌తో, మెత్తటి అంచులతో, నాలుగైదు కోలగా అద్దండి. నలభై వద్దు.

ఇక నీడ రంగు. ఎండలో బాటకు తెలుపు, ఎల్లో ఆకర్, ఆవగింజంత క్యాడ్మియం రెడ్ కలపండి. ఆ బాట మీది నీడకు సూర్యుడి వెలుతురు అందదు గానీ నీలాకాశం వెలుతురు అందుతుంది. అందుకే చల్లగా, నీలిగా ఉంటుంది. అలాగని నీలం ట్యూబు పిండేయకండి. అది నీడ పడిన మట్టి, మట్టి రంగు దాన్ని వదిలిపోదు. అల్ట్రామరీన్, బర్న్ట్ సియెన్నా, కొద్దిగా అలిజరిన్, తెలుపు కలిపి చూడండి. కాండం దగ్గర బర్న్ట్ సియెన్నా ఎక్కువ, ఆకాశానికి తెరుచుకున్న కొసన అల్ట్రామరీన్ ఎక్కువ. ఒకే నీడలో ఈ మార్పు చూపిస్తే చాలు, చూసేవాళ్లకు వేడి తగులుతుంది. నీడను పల్చగా, వెలుగును మందంగా వేయండి. ఆయిల్‌లో ఎండ కనిపించేది ఎక్కువగా ఈ తేడాలోనే.

ఆకుపచ్చ ట్యూబు ఎందుకు వద్దన్నానంటే, అది దగ్గరుంటే ఆకులన్నీ ఒకే రంగైపోతాయి. ఒక్క కొమ్మనే తేరిపార చూడండి. ఎండ సూటిగా తగిలిన ఆకు ఒక పచ్చ: క్యాడ్మియం ఎల్లో, కొంచెం అల్ట్రామరీన్, తెలుపు. వెనక నుంచి ఎండ దూసుకొచ్చే ఆకు నిమ్మపండులా వెలిగే పసుపుపచ్చ, ఇందులో తెలుపు కలిపితే చచ్చిపోతుంది. పైకి తిరిగి ఆకాశాన్ని అద్దంలా చూపించే నున్నటి ఆకు బూడిద నీలం. లోపల నీడలో ఉన్నది బర్న్ట్ సియెన్నా కలిసిన, దాదాపు గోధుమ రంగు పచ్చ. పచ్చ మరీ అరుస్తుంటే చిటికెడు ఎరుపు వేయండి, సర్దుకుంటుంది. దూరం పోయేకొద్దీ పచ్చలోంచి ముందు పసుపు జారిపోతుంది. దూరపు తోపు నీలి బూడిదలోకి వెళ్లిపోతుంది.

ఆకాశం నడినెత్తిన ముదురు, దిగంతం దగ్గర లేత. చెట్టు సందుల్లో కనిపించే ఆకాశపు ముక్కల్ని బయటి ఆకాశం కన్నా ఒక పిసరు ముదురుగా వేయాలి. లేకపోతే చెట్టుకు బల్బులు కట్టినట్టుంటుంది.

పురుగులు, దుమ్ము, ఆపేయాల్సిన వేళ

తడి రంగులో పురుగు పడితే కంగారుపడి వేలితో తీయకండి, గీరుకుపోతుంది. ఆరాక గోటితో తట్టితే రాలిపోతుంది. రాలకపోయినా పర్వాలేదు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మ ఒకటి అమెరికాలో కాన్సస్ సిటీలోని నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. అందులో రంగులో కూరుకుపోయిన చిన్న మిడత అవశేషం ఉన్నట్టు 2017లో బయటపెట్టారు. మొనే 1870లో ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ బీచ్‌లో వేసిన బొమ్మలో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి. ఆరుబయట వేశారనడానికి అంతకన్నా పెద్ద సంతకం ఏముంటుంది!

రెండు గంటలు దాటితే మీరు వేస్తున్నది ఎదురుగా లేదు. చివరి పది నిమిషాలు అన్నిటికన్నా ప్రకాశమైన వెలుగు అద్దడానికి దాచుకోండి. అద్దే ముందు ఆరడుగులు వెనక్కి వెళ్లి చూడండి, ఫోన్‌లో ఫొటో తీసి తలకిందులుగా తిప్పి చూడండి. మూడు నాలుగు చోట్ల మందంగా పెట్టి, బ్రష్ కింద పెట్టేయండి. మీకు ఇంకా గడ్డిపోచలు వేయాలనిపిస్తుంది. ఆ కోరికను నమ్మకండి.

సర్దుకోవడం

తడి పలక తీసుకెళ్లడానికి అదే సైజు ఖాళీ పలక ఇంకోటి ఎదురుగా పెట్టి, నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు ఉంచి, రబ్బరు బ్యాండ్లు బిగించండి. థిన్నర్‌ను మట్టిలోగానీ కాలవలోగానీ పారబోయొద్దు. మూత పెట్టి ఇంటికి తెచ్చుకుంటే రాత్రికి మడ్డి కిందికి దిగుతుంది, పైన తేరినది మళ్లీ వాడుకోవచ్చు. క్యాడ్మియం రంగులు ఒంటికి మంచివి కావు కాబట్టి చేతులు కడుక్కునేదాకా నోట్లో ఏమీ వేసుకోవద్దు.

బట్టపీలికల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఆయిల్ రంగులో ఉండే అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ గుడ్డల్ని ఉండ చుట్టి సంచిలోనో, ఎండలో నిలిపిన కారులోనో పడేస్తే వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు పోసి మూతపెట్టిన రేకు డబ్బాలో వేయండి, లేదా ఆరుబయట ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి.

ఇంటికెళ్లాక బొమ్మను ఒక రోజు గోడ వైపు తిప్పి పెట్టండి. వేడి మీద దిద్దితే చెడుతుంది. మర్నాడు చూసినప్పుడు ముదురుగా ఉంటే మీ పలకకు ఎండ తగిలిందన్నమాట, వెలవెలబోతే నీడ మరీ ఎక్కువైందన్నమాట. ఇంకా పని మిగిలిందనిపిస్తే ఇంట్లో ఊహించి వేయకండి. ఆకాశం అలాగే తేటగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో అదే వేళకు వెళ్లండి. సూర్యుడు దాదాపు అక్కడికే వస్తాడు, నీడ కూడా మీరు గీసిన అంచులోకే వచ్చి పడుకుంటుంది. అందుకే అక్కడి నుంచి కదిలే ముందు ఈజిల్ మూడు కాళ్ల దగ్గరా మూడు గులకరాళ్లు పెట్టి రండి. స్కెచ్ మీద రాసుకున్న టైముకు పావుగంట ముందే చేరుకోండి.